మంచం పట్టిన మేనత్తకు నీళ్లు కూడా పోయడం లేదు: ఏ చట్టం కింద, ఎవరి దగ్గర ఫిర్యాదు చేయాలి?

మైపాడు_అల
మా మేనత్తకు 56 ఏళ్లు. మూడేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట కూడా పోయింది. మనం చెప్పేది మాత్రం అంతా అర్థమవుతుంది. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్లు మూసి తెరుస్తుంది. మామ పోయి పదేళ్లయింది, పిల్లలు లేరు. మా పెదనాన్న కొడుకు తాను చూసుకుంటానని ముందుకొచ్చి, రెండేళ్ల కిందట ఇల్లూ ఎకరంన్నర మాగాణీ తన పేర గిఫ్ట్ డీడ్ రాయించుకున్నాడు. సబ్‌రిజిస్ట్రారు ఇంటికే వచ్చి ఎడమచేతి వేలిముద్ర తీసుకున్నారట. ఈ సంగతి మాకు ఈ మధ్యే తెలిసింది.

నేను చెన్నైలో ఉంటాను. పోయిన నెల ఎవరికీ చెప్పకుండా కోవూరు దగ్గరున్న ఆ పల్లెకు వెళ్లాను. అత్తను వెనకవైపు గొడ్ల చావిడి పక్క గదిలో పడుకోబెట్టి బయట గొళ్లెం వేసి ఉన్నారు. చెంబెడు నీళ్లు కిటికీ గూట్లో ఉన్నాయి, ఆమె చేయి అందే చోట కాదు. నాలుక పెచ్చు కట్టింది. నేను స్పూనుతో పోస్తుంటే పదకొండు స్పూన్లు తాగింది, పన్నెండోదానికి పొలమారింది. నడుము కింద అరచేయంత పుండు ఉంది. ఇదేమిటని అడిగితే వదిన, "నీళ్లు ఎక్కువ తాగిస్తే పక్క తడుపుతుందమ్మా, అందుకే తగ్గించాం" అని మామూలుగా చెప్పింది.

స్టేషనుకు వెళ్తే, ఆమెకు 60 నిండలేదు కాబట్టి పెద్దల చట్టం వర్తించదని, ఇది ఇంటి గొడవ అని పంపించేశారు. నిజంగా ఏ చట్టమూ లేదా?

ఒంగోలుగిత్త
ఎద్దుకు మేత పెట్టకపోతే జంతుహింస చట్టం 1960 నుంచీ ఉంది. మేనత్తకు మాత్రం ఆధార్ కార్డులో నాలుగేళ్లు తక్కువయ్యాయన్న మాట.

పాతఫైలు
ఆర్డీవో కార్యాలయంలో ముప్పై ఏళ్లు చేసి దిగినవాణ్ని కాబట్టి 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం గురించి చెప్పగలను. స్టేషనులో చెప్పింది సగం నిజం. ఆ చట్టంలో వృద్ధులంటే 60 నిండినవారే. అయితే తల్లిదండ్రులకు వయసు పరిమితి లేదు. 50 ఏళ్ల తల్లి కూడా కన్నబిడ్డ మీద అర్జీ పెట్టుకోవచ్చు. పిల్లలు లేనివారు, తమ ఆస్తి అనుభవిస్తున్న లేదా తమ తర్వాత ఆస్తి రాబోయే బంధువు మీద అర్జీ పెట్టవచ్చు కానీ, వారు 60 దాటి ఉండాలి. మీ మేనత్తకు బిడ్డలు లేరు, 60 నిండలేదు. రెండు తలుపులూ మూసుకున్నాయి.

మూసుకోకపోయినా మీరు కోరుకునే శిక్ష అందులో లేదు. ఆర్డీవో ట్రిబ్యునల్ ఇప్పించగల మనోవర్తికి ఆ చట్టం పెట్టిన పరిమితి నెలకు 10,000. నేరం అని ఉన్నది 24వ సెక్షన్ ఒక్కటే: వృద్ధులను పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా వదిలేస్తే మూడు నెలల జైలు లేదా 5,000 జరిమానా లేదా రెండూ. ఇంట్లోనే ఉంచి ఎండబెడితే ఆ సెక్షన్‌కు అందదు.

కావలి_కాఫీ
గిఫ్ట్ డీడ్‌ను ఆర్డీవోనే రద్దు చేయవచ్చని సుప్రీంకోర్టు చెప్పిందని పేపర్లో చదివానే?

పాతఫైలు
కాఫీ గారూ, అది 23వ సెక్షన్ సంగతి. చూసుకుంటానన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజును ట్రిబ్యునల్ చెల్లదని ప్రకటించవచ్చు. 2022లో సుదేశ్ చికారా కేసులో ఆ షరతు ఉన్నట్టు చూపించాల్సిందేనని గట్టిగా అన్నారు. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో, ఇది వృద్ధుల మేలు కోసం వచ్చిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలని అన్నారు. ఏది చదివినా మొదటి పదం "వృద్ధులు" అనే ఉంటుంది. 56 ఏళ్లకు పనికిరాదు.

దర్శి_రైతు
మీరంతా సెక్షన్లు చెబుతున్నారు కాబట్టి ఒక మాట అడుగుతాను. ఇవాళ కేసు పెడితే రేపు పొద్దున ఆమెకు గంజి ఎవరు పోస్తారు? చెన్నై నుంచి వచ్చి పోస్తారా? మా వైపు ఇలాంటివి పెద్దమనుషుల్లో కూర్చుని సర్దుకుంటారు. ఆ కుర్రాడు తప్పే చేశాడు, కాదనను, కానీ మూడేళ్లు అతని ఇంట్లోనే ఉంది కదా.

మైపాడు_అల
అతని ఇంట్లో కాదు, ఆమె ఇంట్లోనే అతను ఉన్నాడు.

ఒంగోలుగిత్త
రైతు గారికి ఈ పూటకు ఇది చాలు.

నల్లకోటు_నెల్లూరు
పదిహేనేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. స్టేషనులోనూ ఇక్కడా అందరూ తప్పు పుస్తకం తెరిచారు. మీ మేనత్త వృద్ధురాలు కాకపోవచ్చు, వికలాంగురాలు మాత్రం నిస్సందేహంగా అవును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ చదవండి. అందులో (సి) ఇలా ఉంటుంది: దివ్యాంగులు ఎవరి సంరక్షణలో లేదా అదుపులో ఉన్నారో ఆ వ్యక్తి, తెలిసి లేదా కావాలని, వారికి ఆహారం గానీ ద్రవాలు గానీ అందకుండా చేస్తే నేరం. శిక్ష ఆరు నెలలకు తగ్గకుండా అయిదేళ్ల దాకా, జరిమానా అదనం. నీళ్ల గురించి ఇంత సూటిగా రాసిన నేరం మన చట్టాల్లో నాకు ఇంకొకటి కనిపించలేదు. వయసుతో పని లేదు. చక్రాల కుర్చీ, ఊతకర్ర లాంటి సాధనాలు వాడుకోకుండా అడ్డుకోవడం కూడా ఇదే సెక్షన్‌లో (ఇ) కింద నేరమే.

మీ వదిన చెప్పిన మాట చూడండి. "పక్క తడుపుతుంది, అందుకే తగ్గించాం." మరిచిపోయామనలేదు, తీరలేదనలేదు. తెలిసి తగ్గించామని ఆమే ఒప్పుకుంది. ఆ మాట ఏ తేదీన, ఏ వేళప్పుడు, ఎవరి ముందు అన్నదో ఇవాళే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత మీకే సరిగ్గా గుర్తుండదు.

అయిదేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం కాబట్టి పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చు, బెయిలు హక్కుగా రాదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(3) ప్రకారం మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయవచ్చు. అంతకు మించి నాన్చడానికి లేదు. తీసుకోకపోతే 173(4) ప్రకారం ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి, అక్కడా కదలిక లేకపోతే మెజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు.

కావలి_కాఫీ
వికలాంగురాలని సర్టిఫికెట్ ఉండాలి కదా? సదరం లేకపోతే?

నల్లకోటు_నెల్లూరు
92వ సెక్షన్‌లో "40 శాతం" అన్న మాట లేదు. ఆ శాతం పింఛన్లకు, రిజర్వేషన్లకు. దీర్ఘకాలిక వైకల్యం ఉందని ఆసుపత్రి కాగితాలతో చూపిస్తే ఈ సెక్షన్‌కు సరిపోతుంది. సర్టిఫికెట్ ఉంటే వాదన తగ్గుతుంది, అంతే.

మైపాడు_అల
సదరం ఉంది. దాని మీదనే పింఛను వస్తోంది. ఎన్టీఆర్ భరోసా కింద పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి ఇచ్చే 15,000. ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికి వచ్చి అత్త వేలిముద్ర తీసుకుని ఇచ్చి వెళ్తాడు. ఆ డబ్బు ఆమె మీద ఖర్చయిన ఆనవాలు ఆ గదిలో ఒక్కటీ లేదు. కనీసం దోమతెర కూడా లేదు.

పాతఫైలు
ఇందులో మీరు గమనించని సంగతి ఒకటుంది. ఆ ఇంటికి నెలనెలా వెళ్లి ఆమెను కళ్లారా చూస్తున్న బయటి మనిషి ఆ ఉద్యోగే. ముందు గదిలోకి తెచ్చి కూర్చోబెట్టారా, వెనక గదిలోనే తీసుకున్నారా, ఎలా ఉంది, అన్నీ అతనికి తెలుసు. గొడవ పడకుండా మంచిగా అడగండి. విచారణ వచ్చినప్పుడు బంధువుల మాట కన్నా అతని మాట బరువుగా ఉంటుంది. ఏఎన్ఎం కూడా వస్తుంటే ఆమె రిజిస్టరులో ఏం రాసిందో కనుక్కోండి.

వార్డు_నైట్‌డ్యూటీ
నర్సుగా రెండు మాటలు. మొదటిది అత్యవసరం. పన్నెండో స్పూనుకు పొలమారిందన్నారు. పక్షవాతం వచ్చినవారికి మింగే కండరాలు బలహీనపడతాయి, పడుకోబెట్టి పలచటి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఈసారి తల వైపు బాగా ఎత్తి, వీలైతే కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, కొద్దికొద్దిగా ఇవ్వండి. ఆసుపత్రిలో మింగే పరీక్ష చేయించి, అవసరమైతే చిక్కగా చేసి ఇస్తారు.

రెండోది పుండు సంగతి. కదలలేని మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్క మార్చకపోతే ఎముక ఆనే చోట చర్మం చచ్చిపోతుంది. మొదట ఎర్రగా కందుతుంది, తర్వాత చర్మం లేస్తుంది, ఆ తర్వాత గుంట పడుతుంది, చివరికి ఎముక కనిపిస్తుంది. ఇప్పుడది ఏ దశలో ఉందో డాక్టరు చేత కొలిపించి, కేస్‌షీట్‌లో రాయించండి. మీ ఫోన్లో ఫొటో తీస్తే పక్కన స్కేలో, రూపాయి బిళ్లో పెట్టి తీయండి. ముఖం, మర్యాద కాపాడుతూ తీయండి, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తిప్పకండి.

అమ్మతో_ఏడేళ్లు
పుండు కనిపించగానే నేరం అనేస్తున్నారు కాబట్టి నేను కూడా చెప్పాలి. సింగరాయకొండలో అమ్మను ఏడేళ్లు మంచం మీద చూసుకున్నాను. అమ్మకు షుగరు. గాలి పరుపు కొన్నాను, రాత్రి అలారం పెట్టుకుని పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేచి పక్క మార్చేదాన్ని. అయినా ఆరో ఏట పుండు పడింది. అప్పటిదాకా ఏడాదికొకసారి అరిసెలు తీసుకుపోవడానికి వచ్చే మా అన్న, ఆ పుండును వీడియో తీసి బంధువులందరికీ పంపి, "చెల్లెలు పింఛను తిని అమ్మను కుళ్లబెడుతోంది" అన్నాడు. నా మీద అర్జీ కూడా పెట్టాడు. విచారణకు వచ్చినవాళ్లు ఇల్లు చూశారు, మందుల చీటీలు చూశారు, నేను గోడ మీద క్యాలెండరులో రాసుకున్న తేదీలు చూసి వెళ్లిపోయారు. ఆ క్యాలెండరే నన్ను కాపాడింది.

నేను మీ మేనత్త సంగతి అబద్ధమనడం లేదు. గొళ్లెం, అందని చెంబు, ఆ మాట, ఇవన్నీ వేరే కథ చెబుతున్నాయి. కానీ ఈ చర్చ చదివేవాళ్లలో నాలాంటివాళ్లు కూడా ఉంటారు. చూసేవాళ్ల నడుము విరిగిపోయినప్పుడు అడిగేవాడు ఉండడు, పుండు పడినప్పుడు మాత్రం అందరూ వస్తారు.

వార్డు_నైట్‌డ్యూటీ
అమ్మతో_ఏడేళ్లు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎంత బాగా చూసినా పుండ్లు పడతాయి. అందుకే పుండు ఒక్కదాన్నే చూడం. శుభ్రం చేశారా, కట్టు మార్చారా, డాక్టరుకు చూపించారా అని చూస్తాం. చూసుకున్న పుండుకు, వదిలేసిన పుండుకు వాసనలోనే తేడా తెలుస్తుంది.

నల్లకోటు_నెల్లూరు
కోర్టు కూడా అదే చూస్తుంది. 92(సి)లో "తెలిసి లేదా కావాలని" అన్న మాటలు అందుకే ఉన్నాయి. అలసటా, పేదరికమూ నేరాలు కావు.

కనిగిరి_కబురు
మా పక్క వీధిలో ఒకావిడ కొడుకును నాలుగేళ్లు గొడ్లకు కట్టే గొలుసుతో చావిట్లో స్తంభానికి కట్టేసింది. అతనికి పాతికేళ్లు, మానసిక జబ్బు. ఊరంతా ఆమెను రాక్షసి అన్నారు. ఆమె పొద్దున్నే మిరపకాయల కోతకు వెళ్తేనే సాయంత్రం పొయ్యి వెలిగేది, కట్టకపోతే అతను రోడ్డెక్కి లారీలకు అడ్డం పడేవాడు. ఒక రోజు ఎవరో చెబితే ఎస్సై వచ్చాడు. ఆమెను స్టేషనుకు లాక్కెళ్తారనుకుంటే, మెజిస్ట్రేటుకు రిపోర్టు రాసి, కుర్రాణ్ని ఆసుపత్రికి పంపించాడు. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, టీకొట్టు దగ్గర గ్లాసులు కడుగుతున్నాడు. ఏ చట్టమో నాకు తెలియదు, ఆ ఎస్సై మాత్రం మంచివాడు.

నల్లకోటు_నెల్లూరు
ఎస్సై మంచివాడే కాదు, చదివినవాడు కూడా. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017. అందులో 101వ సెక్షన్ ప్రకారం, మానసిక జబ్బు ఉన్నవారిని ఇంట్లో హింసిస్తున్నారని లేదా పట్టించుకోవడం లేదని నమ్మడానికి కారణం ఉంటే స్టేషన్ అధికారి వెంటనే మెజిస్ట్రేటుకు నివేదించాలి. చూసినవారు ఎవరైనా సరే స్టేషన్‌లో చెప్పాలి. అదే చట్టం 95వ సెక్షన్‌లో ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకున్నప్పుడు గొలుసులతో కట్టి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. గొలుసు అన్న మాట వినగానే మా తరం వకీళ్లకు అదే గుర్తుకొస్తుంది.

కావలి_కాఫీ
జీతానికి పెట్టుకున్నవాళ్ల సంగతేమిటి? మా నాన్నకు ఏజెన్సీ ద్వారా నెలకు 18,000 ఇచ్చి ఒకతన్ని పెట్టాం. నాన్న రోజుకు పద్దెనిమిది గంటలు నిద్రపోతున్నాడేమిటా అని చూస్తే, అతను రాత్రి తన నిద్ర చెడకుండా నాన్నకు సాయంత్రం ఆరింటికే నిద్రమాత్రలు వేస్తున్నాడు. ఏజెన్సీవాళ్లు "మనిషిని మారుస్తాం సార్" అన్నారు, బల్బు మారుస్తామన్నట్టు.

నల్లకోటు_నెల్లూరు
జీతానికి పనిచేసేవారి కోసం భారతీయ న్యాయ సంహితలో 357వ సెక్షన్ ఉంది. చిన్నతనం, మతిస్థిమితం లేకపోవడం, జబ్బు లేదా బలహీనత వల్ల తనను తాను చూసుకోలేని మనిషిని చూసుకుంటానని ఒప్పందం చేసుకుని, కావాలని చేయకపోతే మూడు నెలల జైలు లేదా 5,000 జరిమానా. పాత శిక్షాస్మృతిలో 491గా ఉన్నప్పుడు ఆ జరిమానా 200 రూపాయలు. ఇప్పటికీ పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదు. నిద్రమాత్రల విషయంలో 123వ సెక్షన్ చూడవచ్చు, పదేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ హాని చేసే ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టం. మీ నాన్నగారికి వైకల్యం ఉండి, మాత్రల మత్తులో భోజనం తప్పిస్తుంటే మళ్లీ 92(సి) దగ్గరికే వస్తాం.

ఒంగోలుగిత్త
అంటే 200 నుంచి 5,000కు పెరగడానికి నూట అరవై ఏళ్లు పట్టింది. మా ఊళ్లో బర్రెల సంత ధరలే నయం.

నల్లకోటు_నెల్లూరు
ఇంకో లెక్క చెబుతాను, నవ్వు ఆగిపోతుంది. పన్నెండేళ్లలోపు బిడ్డను తల్లో, తండ్రో, బాధ్యత ఉన్నవారో వదిలేస్తే న్యాయ సంహిత 93 కింద ఏడేళ్ల దాకా జైలు. ఎనభై ఏళ్ల తల్లిని బస్టాండులో వదిలేస్తే పాతఫైలు గారు చెప్పిన ఆ మూడు నెలలు.

లీడ్స్_నెల్లూరమ్మాయి
ఇంగ్లండులో కేర్ హోములో పనిచేస్తున్నాను. ఇక్కడ 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం 44వ సెక్షన్ ఉంది. సొంతంగా నిర్ణయం తీసుకోలేని మనిషిని సంరక్షణలో ఉంచుకున్నవారు, ఇంటివాళ్లయినా జీతగాళ్లయినా, హింసించినా కావాలని నిర్లక్ష్యం చేసినా అయిదేళ్ల దాకా శిక్ష. నల్లకోటు గారు చెప్పిన మన 92వ సెక్షన్‌లోనూ అయిదేళ్లే. తేడా ఎక్కడంటే, ఇక్కడ నేను తోమిన వీపు మీద ఒక కమిలిన మచ్చ కనిపిస్తే ఆ షిఫ్టు దిగేలోగా రాసి పై అధికారికి ఇవ్వాలి, ఇవ్వకపోతే నా ఉద్యోగానికే ముప్పు. మా ఊళ్లో ఆ మచ్చ చూసిన పది మంది కాఫీ తాగి వెళ్లిపోతారు.

దర్శి_రైతు
నా మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. అయిదేళ్లు జైలుకు పంపుతారు, సరే. ఆమె సంగతేమిటి?

నల్లకోటు_నెల్లూరు
రైతు గారి ప్రశ్న న్యాయమైనదే. జవాబు నేను మొదట చెప్పిన దివ్యాంగుల హక్కుల చట్టంలోనే, 7వ సెక్షన్‌లో ఉంది. దివ్యాంగులు హింసకు, దోపిడీకి గురవుతున్నారని నమ్మడానికి కారణం ఉన్న ఏ వ్యక్తి అయినా, రిజిస్టరైన సంస్థ అయినా ఆ ప్రాంతపు ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు తెలియజేయవచ్చు. బాధితురాలు స్వయంగా రానక్కర్లేదు. మాట లేని మనిషి తరఫున మాట్లాడేందుకు చట్టం బయటివారికి ఇచ్చిన చోటు అది. మన దగ్గర తహసీల్దారే మండల ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు. సమాచారం అందాక ఆమెను అక్కడి నుంచి తప్పించమని, సురక్షితమైన చోట ఉంచమని, పోషణ ఏర్పాటు చేయమని ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉంది. అంటే ఎఫ్ఐఆర్ ఒక దారి, ఇది ఇంకో దారి. రెండూ ఒకేసారి నడవవచ్చు. మైపాడు_అల గారూ, ముందు 7వ సెక్షన్ అర్జీ ఇవ్వండి. మనిషి బయటపడ్డాక కేసు గట్టిపడుతుంది. అతని ఇంట్లో ఉంచి అతని మీద కేసు పెడితే రైతు గారు భయపడినట్టే జరుగుతుంది.

పాతఫైలు
అర్జీని తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీ నకలు ఇచ్చి నంబరు వేయించుకోండి. నంబరు పడిన కాగితం బీరువాలో నిద్రపోదు, కనీసం కదలాల్సి వస్తుంది. అర్జీలో కథ రాయకండి. తేదీ, ఏం చూశారు, ఎవరు ఏమన్నారు, ఇప్పుడు ఏం కావాలి, అంతవరకే. నేను చూసిన అర్జీల్లో సగం 1987లో గట్టు తగాదాతో మొదలయ్యేవి.

మైపాడు_అల
అర్జీ రాశాను. "మతి సరిగా లేని మా మేనత్తను మోసగించి ఆస్తి రాయించుకున్నారు" అని మొదలుపెట్టాను. సరేనా?

నల్లకోటు_నెల్లూరు
ఆ మొదటి మాట వెంటనే కొట్టేయండి. మీ మేనత్తకు మాట లేదు, మతి ఉంది. మతి లేదని మీరే రాస్తే రేపు ఆమె సాక్ష్యాన్ని అవతలి వకీలు మీ కాగితంతోనే కొట్టేస్తాడు. మాట్లాడలేని సాక్షి సైగలతో సాక్ష్యం చెప్పవచ్చని చట్టంలో స్పష్టంగా ఉంది. శారీరక, మానసిక వైకల్యం ఉన్నవారి వాంగ్మూలం తీసుకునేటప్పుడు మెజిస్ట్రేటు దుబాసీ లేదా ప్రత్యేక శిక్షకుల సాయం తీసుకోవాలి, వీడియో తీయించాలి. ఆమెను స్టేషనుకు తీసుకురమ్మని అడగడానికీ లేదు. స్త్రీలను, వికలాంగులను ఉన్నచోటికే వచ్చి విచారించాలి.

గిఫ్ట్ డీడ్‌కు మతి లేదని చెప్పనక్కర్లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్‌లో అనుచిత ప్రభావం అని ఉంది. తన మీద ఆధారపడి, జబ్బుతో కుంగి ఉన్న మనిషి దగ్గర పై చేయిగా ఉన్నవాడు రాయించుకున్న కాగితాన్ని ఆ కారణంతో సివిల్ కోర్టులో రద్దు చేయించవచ్చు. ఆ దావాకు మూడేళ్ల గడువు ఉంది, కాబట్టి నకలు ఇప్పుడే తీయండి. సబ్‌రిజిస్ట్రారు ఇంటికి వచ్చి రిజిస్టరు చేయడం చట్టబద్ధమే. దస్తావేజులో ఆమెకు చదివి వినిపించినట్టు ఎవరు రాశారు, సాక్షులు ఎవరు, సాక్షులిద్దరూ వదిన పుట్టింటివాళ్లేనా, అది చూడండి. ఫీజుకు భయపడకండి, స్త్రీలకు, వికలాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే చాలు.

కనిగిరి_కబురు
గొళ్లెం వేశారు కదా, అది అక్రమ నిర్బంధం కాదా?

నల్లకోటు_నెల్లూరు
న్యాయ సంహిత 127 ప్రకారం పది రోజులు దాటితే అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ ఎటూ లేవలేని మనిషిని నిర్బంధించారా అని వాదన పెడతారు. రాయండి, కానీ కేసును దాని మీద నిలబెట్టకండి. నీళ్ల మీదే నిలబెట్టండి.

మైపాడు_అల
పదిహేను రోజుల తర్వాత రాస్తున్నాను. తహసీల్దారు తానే వచ్చారు, వీఆర్వో, ఏఎన్ఎం, ఒక మహిళా కానిస్టేబుల్ వెంట ఉన్నారు. వస్తున్నట్టు ముందే ఎలా తెలిసిందో ఏమో, అత్తను ముందు గదిలోకి మార్చి కొత్త దుప్పటి కప్పారు. దుప్పటి మీద కొట్టువాడి ధర చీటీ అలాగే ఉంది. తహసీల్దారు గారు ఆ చీటీని కానిస్టేబుల్‌కు చూపించి ఫొటో తీయించారు. అందరినీ బయటికి పంపి, వీడియో పెట్టి, అత్తను అడిగారు: నీకు దాహమైనప్పుడు నీళ్లు ఇస్తారా? రెండుసార్లు కళ్లు మూసింది. ఇక్కడే ఉంటావా? మళ్లీ రెండుసార్లు. నెల్లూరు ఆసుపత్రికి వెళ్తావా? ఒక్కసారి మూసి చాలాసేపు తెరవలేదు, భయమేసింది, తర్వాత తెరిచింది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది. మింగే పరీక్ష చేశారు, చిక్కటి జావ మాత్రమే ఇవ్వమన్నారు. 92(సి) కింద ఎఫ్ఐఆర్ అయింది. అన్న ఫోన్ చేసి, మూడేళ్లు ఎత్తిపోసినందుకు ఇదా బహుమానమని ఏడ్చాడు. నాకు కూడా ఏడుపొచ్చింది, అది ఇక్కడ దాచను. చిన్నప్పుడు వాడే నన్ను సైకిలు మీద స్కూలుకు తీసుకెళ్లేవాడు.

దర్శి_రైతు
ఆసుపత్రి నుంచి పంపించాక ఎక్కడికి?

మైపాడు_అల
చెన్నైకి నా దగ్గరికే. పగలు మనిషిని పెడుతున్నాను. కాఫీ గారి కథ చదివాక మాత్రల డబ్బా తాళం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. అమ్మతో_ఏడేళ్లు గారూ, ఆ క్యాలెండరులో ఏమేం రాసేవారో చెబుతారా?

అమ్మతో_ఏడేళ్లు
పక్క మార్చిన వేళ, తాగిన నీళ్లు, మూత్రం రంగు, పుండుకు కట్టు మార్చిన రోజు, డాక్టరు వచ్చిన రోజు. పెద్ద గడులు ఉన్న క్యాలెండరు కొనండి.

పాతఫైలు
చెన్నై వెళ్లేముందు పింఛను సంగతి సచివాలయంలో రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే వచ్చే ఒకటో తేదీన ఆ ఉద్యోగి పాత ఇంటి తలుపే కొడతాడు.

ఒంగోలుగిత్త
కొట్టనివ్వండి సార్, ఈసారి ఏ వేలిముద్ర వేస్తారో చూద్దాం.